పాల బిల్లులో ఇంటి వాటా ఎంత?



సంఘాల సందర్శనకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న తరచు ఎదురవుతూ ఉంటుంది. ఒక మెట్ట గ్రామంలో బిల్లు రోజున పాల కేంద్రం అరుగు మీద కూర్చున్న ఒక సభ్యురాలు ఆ ప్రశ్ననే సూటిగా అడిగింది. "పన్నెండేళ్ళ నుంచి పాలు పోస్తున్నానండీ. బిల్లు తప్పకుండా వస్తూనే ఉంది. కానీ గేదె వట్టిపోయిన ప్రతిసారీ అప్పు చేయవలసి వస్తోంది. ఈ డబ్బంతా ఎటు పోతున్నట్టు?"

పాలు తక్కువ పోస్తోందా అంటే లేదు. దుబారా మనిషా అంటే అదీ కాదు. మెడలో పసుపుతాడు తప్ప బంగారం లేదు. భర్త వ్యవసాయ కూలీ, ఒక ఎకరం మెట్ట భూమి, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, మందుల మీద ఉన్న అత్తగారు. ఒక గేదె, దాని దూడ. ఇంట్లో లెక్కల పుస్తకం లేదు గాని, సంఘం ఇచ్చిన పాల పుస్తకం మాత్రం చక్కగా దాచుకుంది. కార్యదర్శి గారూ, నేనూ, ఆమే కూర్చొని ఆ పుస్తకం ముందు పెట్టుకొని మధ్యాహ్నం దాకా లెక్క వేశాము. ఆ లెక్క ఆమె ఒక్కతెకే కాదు, మన సభ్యులలో చాలామందికి పనికివచ్చేది కాబట్టి అంకెలను కొద్దిగా గుండ్రం చేసి ఇక్కడ ఇస్తున్నాను. మీ ఊరి దాణా ధర, మీ సంఘం పాల ధర వేరుగా ఉండవచ్చు. ఆ చోట మీ అంకెలు వేసుకోండి. పద్ధతి మారదు.

గేదె పద్దు

ఆమె గేదె ఈతకు 300 రోజులు, అంటే పది నెలలు పాలిస్తుంది. సగటున రోజుకు 6 లీటర్లు. అందులో ఒక లీటరు ఇంటికి ఉంచుకొని 5 లీటర్లు కేంద్రంలో పోస్తుంది. వెన్న 7 శాతం వస్తే లీటరుకు 60 రూపాయలు పడుతోందనుకుందాం. పదిహేను రోజులకు 75 లీటర్లు, బిల్లు 4,500 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు. గేదె శరీర పోషణకు రోజుకు కిలోన్నర దాణా, దాని మీద ఇచ్చే ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున మరో మూడు కిలోలు, మొత్తం నాలుగున్నర కిలోలు. కిలో 28 రూపాయల చొప్పున రోజుకు 126 రూపాయలు, పదిహేను రోజులకు 1,890. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు, పదిహేను రోజులకు 75 రూపాయలు. మందులు, ఎద సూది, నట్టల మందు వంటివి సగటున 135. అన్నీ కలిపి 2,100 రూపాయలు. బిల్లులో 2,400 మిగిలింది.

మన సభ్యులలో లెక్క వేసేవారు కూడా సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. 2,400 మిగిలింది, ఇంటికి వాడుకోవచ్చు అనుకుంటారు. ఆ సభ్యురాలు కూడా అలాగే అనుకుంది. తప్పు జరిగిన చోటు ఇదే.

గేదె పది నెలలు పాలిస్తుంది, కానీ పదిహేను నెలలు తింటుంది. ఈమె గేదె ఈతకూ ఈతకూ మధ్య 450 రోజులు. అందులో 150 రోజులు వట్టిపోయి ఉంటుంది. వట్టిపోయిన మొదటి 90 రోజులు రోజుకు కిలోన్నర దాణా చాలు. ఈనబోయే ముందు రెండు నెలలు కడుపులో దూడ వేగంగా పెరుగుతుంది కాబట్టి మూడు కిలోలు పెట్టాలి. మొత్తం 315 కిలోలు, 8,820 రూపాయలు. ఖనిజ మిశ్రమానికి 750, వైద్యానికి 430 వేసుకుంటే 10,000 అవుతుంది. ఇవి కాక సొంత గడ్డి చాలక కొనే ట్రాక్టరు వరిగడ్డికి 5,000. దూడ పోషణకు 3,500. బీమాకు, తాళ్ళకు, కొట్టం మరమ్మతుకు 1,500. అంతా కలిపి 20,000 రూపాయలు. ఈ సొమ్ము ఏ ఒక్క బిల్లులోనూ కనబడదు. అయినా దీనిని ఇవ్వవలసింది ఆ బిల్లులే. పాలిచ్చే పది నెలలలో బిల్లులు ఇరవై. కాబట్టి ఒక్కొక్క బిల్లు నుంచి 1,000 రూపాయలు గేదెకే పక్కన పెట్టాలి. ఇక మిగిలింది 1,400.

ఆ 1,400 కూడా అంతా ఈ పక్షానికే వాడుకునేది కాదు. ఇరవై బిల్లులకు 28,000 మిగులు వచ్చింది. ఇల్లు మాత్రం పదిహేను నెలలు, అంటే ముప్పై పక్షాలు నడవాలి. 28,000 ను ముప్పైతో భాగిస్తే పక్షానికి 930 రూపాయల చిల్లర.

నాలుగున్నర వేల బిల్లులో ఇంటి వాటా 930 రూపాయలు! రోజుకు 62. అంటే కేంద్రంలో పోసే ఐదు లీటర్లలో ఇంటికి దక్కేది ఒక లీటరు ధర అన్నమాట. ఈ అంకె వినగానే ఆ సభ్యురాలు కాసేపు మాట్లాడలేదు. తరువాత "మరి మేము బిల్లంతా మాదే అనుకొని తిన్నామండీ" అన్నది. గేదె మీద బ్యాంకు అప్పు ఉన్నవారికి ఈ 930 లో నుంచే కంతు కూడా పోవాలి. ఆమెకు అది లేదు.

ఇందులో ఇంటిల్లిపాదీ చేసే చాకిరీకి కూలి కట్టలేదని కొందరు అడగవచ్చు. నిజమే, కట్టలేదు. మరోవైపు ఇంట్లో తాగే లీటరు పాలకు, పెంటకు, పెరిగే పెయ్య దూడకు విలువ కూడా కట్టలేదు. ఇంటి ఖర్చు సర్దుకోవడానికి చేతికి వచ్చే రూపాయే కావాలి కనుక ఇక్కడ రొక్కం లెక్కనే చూస్తున్నాము.

ఇంటికి గేదె ఇచ్చే జీతం

లెక్క తెలిసినంత మాత్రాన సరిపోదు. బిల్లులన్నీ ఒకే తీరుగా రావు. ఈనిన తరువాత మొదటి రెండు మూడు నెలలు పాలు జోరుగా ఉంటాయి. కేంద్రంలో 7 లీటర్లు పోసే రోజుల్లో బిల్లు 6,300 వస్తుంది. పాలకు తగ్గట్టు దాణా పెంచినా ఖర్చు 2,520 దాటదు. 3,780 చేతిలో మిగులుతుంది. అప్పుడే చీర, అప్పుడే సెల్‌ఫోను, అప్పుడే బంధువుల ఇంటి చదివింపులు. చివరి నెలల్లో రెండున్నర లీటర్లు పోసేటప్పటికి బిల్లు 2,250, ఖర్చు 1,575, మిగులు 675. ఇంటి వాటా 930 కే అది చాలదు. ఆ తరువాత ఐదు నెలలు ఏమీ రాదు.

అందుచేత మేము ఆమెకు చెప్పిన పద్ధతి ఇది. గేదెను ఇంటికి జీతమిచ్చే యజమాని అనుకోండి. బిల్లు 6,300 వచ్చినా, 2,250 వచ్చినా, అసలు రాకపోయినా, ప్రతి పక్షం ఇంటికి 930 రూపాయలే ఇవ్వాలి. దాణా ఖర్చు పోగా మిగిలినదంతా గేదె పేర ఉండాలి. జోరు నెలల్లో అలా ఒక్కొక్క బిల్లుకు 2,800 పైగా గేదె పేర చేరుతుంది. వట్టిపోయిన నెలల్లో అదే సొమ్ములో నుంచి దాణాకూ తీస్తారు, ఇంటి జీతమూ తీస్తారు.

ఆ సొమ్ము ఎక్కడ ఉంచాలి అనేది చిన్న ప్రశ్న కాదు. ఇదివరకు బిల్లు డబ్బు చేతికి ఇచ్చేవారు, బీరువాలో దాచేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఫోనులో మీట నొక్కితే ఖర్చయిపోయే సౌకర్యం కూడా దానితో పాటే వచ్చింది. కాబట్టి పాల డబ్బు పడే ఖాతా ఒకటి, గేదె నిల్వ ఖాతా మరొకటి ఉండటం మేలు. తపాలా కార్యాలయంలో పొదుపు ఖాతా తెరిచినా సరే, మీ సంఘం సభ్యుల పొదుపు తీసుకునేదైతే అక్కడైనా సరే. ఆ రెండో ఖాతాను ఫోనుకు తగిలించకండి. ఎక్కువ వస్తుందని ఊరు పేరు తెలియని చీటీలలో మాత్రం గేదె డబ్బు వేయవద్దు. ఈ సొమ్ము పెరగడం కన్నా అడిగిన రోజున దొరకడం ముఖ్యం.

గేదె నిల్వకు అన్నిటి కన్నా మంచి చోటు ఒకటున్నది, గడ్డివామి. వరి కోతల సమయంలో గడ్డి చవకగా దొరుకుతుంది. వేసవి ముదిరేసరికి దాని ధర ఎంత ఎక్కుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కోతల నాడే ఏడాదికి సరిపడా కొని వామి వేసుకుంటే ఆ తేడా అంతా మిగులే.

ఇంటి పద్దు

ఇక ఇంటి ఖర్చు. ఆ కుటుంబానికి కూలి మీద, ఎకరం మీద నెలకు సగటున 8,000 రూపాయలు వస్తుంది. గేదె జీతం నెలకు 1,860. మొత్తం 9,860. రేషను బియ్యం వస్తున్నాయి కాబట్టి బియ్యం ఖర్చు తక్కువ. పచారీ సామాను 3,000, కూరలు, కోడిగుడ్లు 1,200, గ్యాసు సగటున 450, కరెంటు 300, ఫోను 300, పిల్లల చదువు 1,500, అత్తగారి మందులు 700, బట్టలు, పండుగలు కలిపి 600, ప్రయాణాలు 500, మహిళా పొదుపు సంఘానికి 200, పాత బాకీ కంతు 1,000. కూడితే 9,750. మిగిలేది వంద పైచిలుకు.

వంద రూపాయలే మిగిలే ఇంట్లో "పొదుపు చేయండి" అని ఉపన్యాసం చెప్పడం నాకు ఇష్టం లేదు. పచారీలో ఐదుగురికి 3,000 అంటే అందులో కోయడానికి ఏమున్నది? కొందరు పెద్దలు ఇలాంటి సందర్భాలలో మొదట కూర తగ్గించమంటారు, గుడ్డు మానమంటారు. పిల్లల తిండి దగ్గర మొదలుపెట్టే పొదుపును నేను పొదుపు అనను. ఇంట్లో ఉంచుకునే లీటరు పాలు కూడా అంతే. బిల్లు పెరుగుతుందని ఆ లీటరు కూడా కేంద్రంలో పోసి, పిల్లలకు నీళ్ళ కాఫీ ఇచ్చే ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి.

ఆమె ఇంట్లో డబ్బు జారిపోతున్న చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది దాణా కొట్టులో అరువు. రొక్కానికి 28 రూపాయల దాణా, అరువుకు 30. కిలోకు రెండు రూపాయలేగా అనిపిస్తుంది. పక్షానికి 67 కిలోల పైన కొంటుంది కనుక తేడా 135 రూపాయలు. ఇంటి వాటాలో ఏడో వంతు అక్కడే పోతోంది. రెండవది వెనుకటి ఈత వట్టి నెలల్లో తెచ్చిన 15,000 చేబదులు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్ళలో ధర్మ వడ్డీ అంటారు. సంవత్సరానికి లెక్క వేస్తే అది నూటికి 24. పది నెలలు తిప్పితే 3,000 రూపాయలు వడ్డీ. పాడి పశువుల పోషణకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇవ్వాలని 2018-19 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. దాని మీద నిర్ణీత పరిమితి లోపల వడ్డీ 7 శాతం, గడువు లోపల కడితే 4 శాతమే పడుతుంది. అదే 15,000 కు అదే పది నెలలకు 4 శాతం చొప్పున 500 రూపాయలు. బ్యాంకు చుట్టూ రెండు మూడుసార్లు తిరగవలసి వస్తుంది, అది నిజం. ఒక్కొక్క తిరుగుడుకు ఎంత మిగిలిందో లెక్క వేసుకుంటే ఓపిక వస్తుంది.

మూడవది వడ్డీ అని పేరు లేని వడ్డీ. ఆమె తోటికోడలు పక్క ఊరి పాల వ్యాపారి దగ్గర పదివేలు ముందుగా తీసుకొని పాలు ఆయనకే పోస్తోంది. వడ్డీ లేదు, లీటరుకు నాలుగు రూపాయలు తక్కువ ఇస్తాడు, అంతే. పక్షానికి 75 లీటర్ల మీద 300 రూపాయలు. ఇరవై బిల్లులకు 6,000. అసలు పదివేలు అలాగే ఉన్నాయి. 1946 లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు సొంతంగా సహకార సంఘం పెట్టుకోవడానికి కారణం పాల ధర వ్యాపారి చేతిలో చిక్కుకుపోవడమే. ముందు డబ్బు తీసుకున్న రోజున మనం మళ్ళీ ఆ స్థితికే వెళుతున్నాము.

నాలుగవది చెప్పడానికి చిన్న విషయం. ఇంట్లో పాలుండగా, మగవారు బజారులో రోజుకు రెండు టీలు తాగితే పక్షానికి 300 రూపాయలు. గేదె ఇంటికి ఇచ్చే జీతంలో మూడో వంతు! మద్యం సంగతి నేను విడిగా రాయను. సీసా ధర తాగేవారికి బాగా తెలుసు. దానిని ఆ 930 పక్కన పెట్టి చూసుకోండి.

జీతం పెంచుకునే దారి

ఖర్చు తగ్గించడానికి ఒక హద్దు ఉంది. అది దాటాక రాబడి వైపు చూడాలి. ఇంకో గేదె కొనమని నేను చెప్పబోవడం లేదు. ఉన్న గేదె మీదనే రెండు విషయాలున్నాయి.

చిన్నది ముందు. పాలకు వెన్న మీద ధర కట్టే చోట చివరి ధారలు చాలా విలువైనవి, ఎందుకంటే పొదుగులో చివరగా వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. పిండడం తొందరగా ముగించి ఆ చివరి పాలు దూడకు వదిలేస్తే దూడకు వెన్న, మనకు నీళ్ళు. దూడ వాటాను మొదటి ధారలలో ఇవ్వండి, చివరి చుక్క దాకా పూర్తిగా పిండండి. 7 శాతానికి 60 రూపాయలైతే ఒక్కొక్క శాతం విలువ లీటరుకు ఎనిమిదిన్నర రూపాయలు. అర శాతం పెరిగినా పక్షానికి 300 రూపాయలు పైన. కేంద్రంలో ఇచ్చే చీటీలో వెన్న అంకెను రోజూ చూసుకోండి. రెండు పూటలు వరుసగా తగ్గితే కారణం వెతకండి.

పెద్ద విషయం ఎద. ఇంటి ఖర్చుల పాఠంలో ఎద సంగతి ఏమిటి అని నవ్వుకోకండి. ఈ లెక్కలో ఇంత పెద్ద పద్దు మరొకటి లేదు. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈతకూ ఈతకూ మధ్య 450 రోజులే ఉండాలంటే ఈనిన 140 రోజుల లోపల చూడి కట్టాలి. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది. ఒకటి గమనించకపోతే వట్టి రోజులు 21 పెరుగుతాయి. వట్టి గేదెకు దాణా, ఖనిజ మిశ్రమం రోజుకు 47 రూపాయలు. ఒక ఎద తప్పితే దాదాపు 1,000 రూపాయలు తిండికే పోయాయి. అలా నాలుగైదు తప్పి ఈతల మధ్య కాలం పద్దెనిమిది నెలలకు వెళితే ఖర్చు 4,230 పెరిగింది, ఇల్లు గడవవలసిన పక్షాలు ముప్పై ఆరు అయ్యాయి. మిగులు 28,000 నుంచి 23,770 కు దిగింది. ముప్పై ఆరుతో భాగిస్తే ఇంటి జీతం 930 నుంచి 660 కి పడిపోతుంది. చూడి ఆలస్యమైన గేదె మరికొన్నాళ్ళు కొద్దిగా పాలివ్వవచ్చు, ఆ కాస్త ఇందులో వేయలేదు. అధికంగా తినే గడ్డి కూడా వేయలేదు.

గేదెలలో ఎద ఆవులలో లాగా గట్టిగా కనబడదు, ముఖ్యంగా ఎండాకాలంలో. అరవకుండానే మూగగా వచ్చి పోతుంది. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్ళి చూడండి. తీగలు వేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, కారణం లేకుండా ఆ పూట పాలు తగ్గడం, ఇవి గుర్తులు. ఉదయం కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు ఉదయం సూది వేయించాలి. ఆ తేదీ గోడ మీద గాని పుస్తకంలో గాని రాసుకొని 21 వ రోజున మళ్ళీ చూడాలి. మూడు నెలలకు చూడి పరీక్ష తప్పక చేయించాలి. కట్టిందనే నమ్మకంతో ఆరు నెలలు గడిపి, తరువాత తెలుసుకొని ఏడ్చినవారిని నేను చూశాను. వేసవిలో నీడ, రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లడం లేదా చెరువులో తోలడం, ఖనిజ మిశ్రమం మానకపోవడం, ఇవన్నీ ఎదకు పెట్టుబడులే.

దాణా ఖర్చు తగ్గించే మాట కూడా ఒకటున్నది. నీటి వసతి ఉన్నవారు 10, 15 సెంట్లలో నేపియరు గడ్డి, గట్ల మీద అవిశ, పంట కోసిన చేలో పిల్లిపెసర వేసుకుంటే దాణాలో కొంత మిగులుతుంది. పప్పుజాతి పచ్చిమేత పది కిలోలు పెడితే కిలో దాణా తగ్గించవచ్చునని ఉజ్జాయింపు లెక్క. నీరు లేని మెట్టలో ఈ మాట వానాకాలానికే వర్తిస్తుంది.

వట్టి నెలల్లో చేయకూడనివి

చేతిలో డబ్బు లేనప్పుడు మనిషి చేసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, పాలివ్వడం లేదు గదా అని చూడి గేదెకు దాణా మానేయడం. ఈనే ముందు రెండు నెలలు దాణా ఆపి మిగిల్చే సొమ్ము ఐదు వేలు. చిక్కిపోయి ఈనిన గేదె మొదటి నెలల జోరు చూపదు, మళ్ళీ ఎదకు ఆలస్యంగా వస్తుంది. రోజుకు ఒక లీటరు తగ్గినా పది నెలలకు 300 లీటర్లు, 18,000 రూపాయలు.

రెండవది, వట్టి గేదెను అమ్మేయడం. వట్టిపోయి, చూడి కూడా తేలని గేదెకు బేరగాడు ఎంత ఇస్తాడో, పాలిచ్చే గేదె కొనాలంటే ఎంత పెట్టాలో మీ సంతలో అడిగి చూడండి. ఒకటి 45,000 కు పోయి మరొకటి 90,000 కు వచ్చిందనుకుంటే తేడా 45,000. ఆ ఐదు నెలలు గేదెను మేపడానికి కావలసింది మన లెక్కలో 10,000, గడ్డి కలుపుకున్నా దానికి కొద్దిగా ఎక్కువ. పదివేలు చేతిలో లేక 45,000 పోగొట్టుకోవడం ప్రతి ఎండాకాలమూ ఏదో ఒక ఊళ్ళో చూస్తూనే ఉన్నాము. పాలు తగ్గే ఆ వేసవి చివరనే, జూన్‌లో, బడి ఫీజులు, పుస్తకాలు, విత్తనాలు అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. గేదె పేర నిల్వ ఉండవలసింది ఆ నెల కోసమే. పెయ్య పడ్డను అమ్మడం కూడా ఇటువంటిదే. మూడు నాలుగేళ్ళలో రెండో గేదె కావలసినది అది. రెండు గేదెలు ఆరేడు నెలల ఎడంతో ఈనే ఇంట్లో వట్టి నెలలు అనే మాటే చాలావరకు వినపడదు.

పుస్తకం

దీనికంతటికీ ఒక నూరు పేజీల నోటు పుస్తకం చాలు. ఎడమ పేజీ గేదెది, కుడి పేజీ ఇంటిది. ఎడమ వైపు బిల్లు, దాణా, మందులు, నిల్వలో వేసినది, ఎద తేదీ, సూది తేదీ. కుడి వైపు గేదె ఇచ్చిన జీతం, కూలి, ఖర్చులు. రోజూ రాయలేకపోతే బిల్లు రోజున ఒక్కసారి రాయండి. చదువు రానివారు పిల్లలచేత రాయించండి. వారికి లెక్కలు వస్తాయి, ఇంటి సంగతి కూడా తెలుస్తుంది. అప్పుల్లో ఉన్నవారు మొదటి బిల్లు నుంచే పూర్తి నిల్వ వేయలేరు. అటువంటివారు గేదె ఈనిన తరువాత వచ్చే మొదటి ఆరు బిల్లులతో మొదలుపెట్టాలి. మొదటి బిల్లుతో దాణా అరువు తీర్చి రొక్కానికి మారడం మొదటి మెట్టు.

ఆ సభ్యురాలు అలాగే చేసింది. ఆమె గేదె మళ్ళీ ఈని, పాలిచ్చి, వట్టిపోయింది. కోతలనాడు గడ్డి కొని వామి వేసింది. మొన్న వెళ్ళినప్పుడు పుస్తకం తెచ్చి చూపించింది. గేదె నిల్వ అనుకున్నంత లేదు, రెండు బిల్లులలో ఇంటికి 930 కి బదులు 1,500 తీసింది. అత్తగారికి ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చిందట. ఆ రెండు చోట్లా ఎడమ పేజీలో పెద్ద కూతురి చేతిరాతతో ఇలా ఉన్నది: "ఇల్లు గేదెకు బాకీ 1,140."